చలికాలం పొద్దున హైదరాబాద్ మీద బూడిదరంగు తెర: ఇందులో బండ్ల పొగ ఎంత, ఎలా తేల్చాలి?

మూసీగట్టు | జనవరి 6, ఉదయం 7:40

ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఆరున్నరకి చూస్తే సాగర్ అవతలి భవనాలు నడుము దాకే కనిపిస్తున్నాయి. పై అంతస్తులు బూడిద రంగులో కలిసిపోతున్నాయి. మంచు అని కొందరు, పొగ అని కొందరు. విషయం తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నా. నల్లపొగ కక్కే బండి ఇప్పుడు రోడ్డు మీద తక్కువే, చాలా బండ్లకి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉంది. మరి ఈ మురికి ఎక్కణ్ణుంచి వస్తోంది? ట్రాఫిక్ పొద్దున పదికీ సాయంత్రం ఏడుకీ ఉంటే, గాలి తెల్లవారుజామున ఎందుకు చెడుతోంది? ఇందులో బండ్ల వాటా ఎంతో ఎలా తేలుస్తారు?

గాలిలెక్క | జనవరి 6, ఉదయం 8:15

రెండో ప్రశ్న ముందు తీసుకుందాం, అది తేలితే మిగతావి సులువు.

చలికాలం రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తొందరగా చల్లబడుతుంది. నేలని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది, దాని పైన వెచ్చటి గాలి మిగిలిపోతుంది. చల్లగాలి బరువు కాబట్టి పైకి లేవదు. వెచ్చటి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు. నగరం పొగ అంతా ఆ మూత కింద ఉన్న కాస్త ఎత్తులోనే కలవాలి.

ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. గాలి కలిసే ఎత్తుని గాలి వేగంతో గుణిస్తే వచ్చేది వెంటిలేషన్ కోఎఫిషియంట్. తెల్లవారుజామున మూత 200 మీటర్లు, గాలి సెకనుకి 1 మీటరు అనుకుంటే 200. మధ్యాహ్నం 2000 మీటర్లు, సెకనుకి 4 మీటర్లు అనుకుంటే 8000. అంటే 40 రెట్లు తేడా. ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలు, కానీ చలికాలపు రోజుల్లో ఇలాంటివి మామూలే. తెల్లవారుజామున బండ్లు పగటిలో పదో వంతే తిరిగినా, చిక్కదనం మధ్యాహ్నం కంటే 4 రెట్లు ఉంటుంది. దీనికి ముందు రాత్రి మిగిలిపోయింది కూడా కలుస్తుంది. ఈ కోఎఫిషియంట్ 6000 కంటే తక్కువై, గాలి గంటకి 10 కిలోమీటర్ల లోపుంటే పొగ చెదరడానికి అనుకూలం కాదని ఢిల్లీ గాలి హెచ్చరికల్లో లెక్కగడతారు.

మంచా పొగా అన్నదానికి ఓ చిన్న గుర్తు. మంచు తెల్లగా ఉంటుంది, ఎండ పడ్డాక తొందరగా విడిపోతుంది. పదింటికి కూడా అడుగున గోధుమరంగు చారలా మిగిలితే అది స్మాగ్. చాలా రోజులు రెండూ కలిసే ఉంటాయి, ఎందుకంటే పొగ నలుసుల మీదే తేమ పడుతుంది.

డీజిల్‌నాజిల్ | జనవరి 6, ఉదయం 9:02

గాలిలెక్క సార్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. పగటిపూట సిటీలకి పెద్ద లారీలు రానియ్యరు. రాత్రి బాగా పొద్దుపోయినంక ఇసుక, కంకర, సిమెంటు, కూరగాయల లోడ్లు అన్నీ ఒక్కసారి లోపలికి వస్తయి. అంటే మూత కిందికి దిగే టైముకే పెద్ద డీజిల్ బండ్లు దిగుతున్నయి. పగలు ట్రాఫిక్ జామ్ కాకుండ చేసే రూలు అది, మంచిదే. గాలి లెక్కల చూస్తే మాత్రం తప్పు టైము.

కెమిస్ట్రీమాస్టారు | జనవరి 6, ఉదయం 11:30

మొదటి ప్రశ్నకి వద్దాం. నల్లపొగ కనబడకపోతే మురికి లేదనుకోవడమే అసలు పొరపాటు. పొగగొట్టం నుంచి కంటికి కనబడకుండా వచ్చే వాయువు తర్వాత గాలిలో నలుసుగా మారుతుంది.

ఇంజిన్ లోపల మంట 1500 డిగ్రీలు దాటితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతాయి. ఇంధనంలో ఏ మలినం లేకపోయినా ఇది తప్పదు. రంగు ఉండదు. బయటికొచ్చాక ఓజోన్ తగిలి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. గోధుమరంగు దానిదే. అది ఇంకా ఆక్సీకరణ చెంది నైట్రిక్ ఆమ్లం అవుతుంది. గాలిలో అమ్మోనియా దొరికితే రెండూ కలిసి అమ్మోనియం నైట్రేట్, అంటే ఘనపదార్థం. పీఎం2.5లో, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్నటి నలుసుల లెక్కలో, చేరిపోతుంది.

బరువు చూడండి: 46 గ్రాముల నైట్రోజన్ డయాక్సైడ్ పూర్తిగా మారితే 80 గ్రాముల అమ్మోనియం నైట్రేట్. వాయువు ఒక గ్రాము, నలుసు 1.74 గ్రాములు. సైలెన్సర్ దగ్గర ఫిల్టర్ కాగితం పెట్టి కొలిస్తే ఈ నలుసు సున్నా, ఎందుకంటే అక్కడ అది ఇంకా పుట్టలేదు.

రాత్రి దారి వేరు. నైట్రోజన్ డయాక్సైడ్ ఓజోన్‌తో కలిసి నైట్రేట్ ర్యాడికల్, అది మరో నైట్రోజన్ డయాక్సైడ్‌తో కలిసి డైనైట్రోజన్ పెంటాక్సైడ్, అది తడి నలుసు మీద పడి నైట్రిక్ ఆమ్లం. రోడ్డు పక్కన తాజా నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ కాబట్టి ర్యాడికల్ అక్కడ బతకదు. ఈ పని ఎక్కువగా మూత పైన, సాయంత్రం మిగిలిపోయిన పొరలో జరుగుతుంది. పొద్దున ఎండకి మూత విడిపోగానే పై పొర కిందికి కలుస్తుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పీఎం2.5 ఇంకో మెట్టు పెరిగితే స్కూలు ట్రాఫిక్‌తో పాటు ఇదీ ఒక కారణం.

అమ్మోనియం నైట్రేట్‌కి చలి, తేమ కావాలి. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 28, 30 డిగ్రీలకి చేరగానే చాలావరకు మళ్లీ వాయువుగా విడిపోతుంది. ఢిల్లీలో జనవరి పగలు కూడా చల్లగా ఉంటుంది కాబట్టి రోజంతా నిలుస్తుంది. అక్కడి స్మాగ్‌ని ఇక్కడికి యథాతథంగా అన్వయించకూడదు అనేది ఇందుకే.

మూసీగట్టు | జనవరి 6, మధ్యాహ్నం 12:10

అమ్మోనియా అంటే ఎరువుల వాసన గుర్తొస్తుంది. సిటీ నడిబొడ్డున అది ఎక్కడిది మాస్టారూ?

కెమిస్ట్రీమాస్టారు | జనవరి 6, మధ్యాహ్నం 12:45

చుట్టుపక్కల పొలాల్లో యూరియా, పశువుల పాకలు, మురుగు కాల్వలు. మూసీ ఒడ్డున ముక్కు మూసుకోవాల్సిన చోట్లన్నీ ఉన్నాయి కదా. దానికి తోడు పెట్రోల్ కార్లే. పొగని శుద్ధిచేసే, మూడు పనులు చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కి మిశ్రమం కాస్త పెట్రోల్ ఎక్కువ వైపు వెళ్తే, నైట్రిక్ ఆక్సైడ్‌ని నైట్రోజన్ దగ్గర ఆపకుండా అమ్మోనియా దాకా తీసుకెళ్తుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇది ఎక్కువ. అంటే ఒకే రోడ్డు మీద డీజిల్ బండి ఆమ్లం సంగతి, పెట్రోల్ బండి క్షారం సంగతి చూసుకుంటున్నాయి.

పొల్యూషన్‌చెక్ | జనవరి 6, మధ్యాహ్నం 2:20

సర్టిఫికెట్ గురించి. అది ఏం కొలుస్తుందో తెలిస్తే ఏం కొలవదో తెలుస్తుంది.

పెట్రోల్, ఎల్‌పీజీ, సీఎన్‌జీ బండికి: నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ (కాలని ఇంధనం) పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులో. బీఎస్ అంటే భారత్ స్టేజ్, మన దేశపు పొగ నిబంధనల మెట్లు. బీఎస్-4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో 0.3 శాతం, 200 పీపీఎం. 2500 ఆర్‌పీఎం దగ్గర 0.2 శాతం, ల్యామ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు ఎంత సరిగ్గా ఉన్నాయో చెప్పే అంకె) 0.97 నుంచి 1.03. 2000 తర్వాత వచ్చిన పాత ఫోర్‌స్ట్రోక్ కార్బొరేటర్ టూవీలర్‌కి 3.5 శాతం, 4500 పీపీఎం. కారుకీ దానికీ ఎంత దూరమో గమనించండి.

డీజిల్‌కి: న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ ఒక్కసారి చివరిదాకా తొక్కి పొగ ఎంత వెలుతురు ఆపిందో చూస్తాం. బీఎస్-4కి మీటరుకి 1.62, బీఎస్-6కి 0.7.

నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవం. నలుసుల బరువు కొలవం. రోడ్డు మీద లోడ్‌తో నడిచేటప్పుడు ఏమొస్తుందో చూడం. మాస్టారు చెప్పిన కథంతా ఈ పరీక్ష బయటే జరుగుతోంది.

కొలిచేదాంట్లో కూడా తప్పులు జరుగుతాయి. ప్రోబ్‌ని కనీసం 30 సెంటీమీటర్లు లోపలికి పెట్టాలి. సగమే పెట్టినా, సైలెన్సర్ అతుకు దగ్గర చిల్లున్నా బయటి గాలి కలిసి రీడింగ్ పడిపోతుంది. మెషీన్‌లో కార్బన్ డయాక్సైడ్ అంకె కూడా వస్తుంది, చూడండి. వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్‌కి అది 13, 15 శాతం మధ్య ఉండాలి. 7, 8 చూపిస్తే ఆ సర్టిఫికెట్‌కి విలువ లేదు. ఇంజిన్ చల్లగా ఉండగా పరీక్ష చేస్తే ఉల్టా అవుతుంది: కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటే 250, 300 డిగ్రీలు కావాలి కాబట్టి మంచి బండి కూడా ఫెయిలవుతుంది. పది నిమిషాలు నడిపి తీసుకురమ్మని చెప్పేది అందుకే.

డీజిల్‌నాజిల్ | జనవరి 6, సాయంత్రం 6:50

డీజిల్ సంగతి కొంచెం వివరంగ చెప్పాలె, ఎందుకంటే బీఎస్-6 వచ్చినంక చాలామంది పాత అలవాటుతోనే చూస్తున్నరు.

పాత మెకానికల్ పంపు బండిల నల్లపొగ అంటే గాలికి మించి డీజిల్ పోతున్నట్టు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలె, తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే హోస్ పగుళ్లు, తర్వాత నాజిల్ చుక్కలు కారుతుందా అని టెస్టర్ మీద పెట్టి చూడాలె. ఆఖరికి పంపు సెట్టింగ్. పికప్ కోసం పంపు స్క్రూ తిప్పిన బండ్లు చానా ఉన్నయి, వాటికి ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా పొగ తగ్గదు. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లపొగ వేడెక్కినంక కూడా వస్తే డీజిల్ కాలకుండ పోతుంది, లేదంటే కూలెంట్ లోపలికి కారుతుంది.

బీఎస్-6ల డీపీఎఫ్ ఉంటది, మసి పట్టే జాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి డీజిల్‌ల సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకి వచ్చింది కాబట్టే ఇది సాధ్యమైంది. డీజిల్ కారు నలుసు పరిమితి కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దిగింది. జాలి బాగుందో లేదో చూడనీకి మెషీన్ అక్కర్లేదు. ఇంజిన్ చల్లబడినంక తెల్లగుడ్డ వేలికి చుట్టి పొగగొట్టం లోపలి అంచు తుడువుండ్రి. గుడ్డ దాదాపు తెల్లగనే రావాలె. కాటుక లెక్క నల్లగ అంటుకున్నదంటే జాలి పగిలింది, లేదా ఎవరో కోసి తీసేసిన్రు.

జాలి నిండితే ఇంజినే ఎక్కువ డీజిల్ కొట్టి 600 డిగ్రీల దాకా వేడి చేసి మసి కాల్చుకుంటది. సిటీల అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా పాకుకుంట పోయే బండికి ఆ వేడి రాదు. మధ్యల ఇంజిన్ ఆపేస్తే కాలని డీజిల్ సిలిండర్ గోడల నుంచి కిందికి దిగి ఆయిల్‌ల కలుస్తది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కనపడితే సంతోషపడొద్దు, అది డీజిల్. డీపీఎఫ్ లైటు వెలిగితే ఔటర్ రింగురోడ్డు మీద 60 స్పీడుకి తగ్గకుండ 20 నిమిషాలు ఒకే తీరుగ నడపాలె. తక్కువ బూడిద ఆయిల్ వాడాలె. మామూలు ఆయిల్‌ల బూడిద జాలిల పడితే అది కాలదు, అట్లనే ఉండిపోతది.

ఇగ యూరియా ద్రవం. లారీలు, బస్సులల్ల నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించేది ఇదే. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలం యూరియా నల్లా నీళ్లల్ల కలిపి పోసేటోళ్లు ఉన్నరు. పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటది, నీళ్లల్ల సున్నం ఉంటది. రెండూ కలిసి డోసింగ్ నాజిల్ మూతి కాడ తెల్లగ గట్టిపడతయి. పంపు ప్రెజర్ రాదు, డ్యాష్‌బోర్డుల లైటు వెలుగుతది, తర్వాత బండి పవర్ తగ్గిపోతది. అప్పుడు రిపేరుకి బదులు ఎమ్యులేటర్ డబ్బా పెడతరు: ద్రవం పడుతుందని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేది. బండి గుంజుతది, పొగ కనపడదు, పొల్యూషన్ పరీక్ష పాసైతది. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం ఎన్నో రెట్లు పెరిగి పోతుంటయి. ఈ మొత్తం చర్చల నాకు అన్నిటికంటే కోపం వచ్చేది దీని మీదనే.

పట్టుకునే తీరు: ద్రవం ట్యాంకు మట్టం రాసుకోండ్రి. మామూలుగ డీజిల్ వాడకంల 3 నుంచి 5 శాతం ద్రవం అవుతది. 100 లీటర్ల డీజిల్‌కి ద్రవం కదలకుండ అట్లనే ఉందంటే డబ్బా పెట్టినట్టే. గాఢత చూసే రిఫ్రాక్టోమీటర్ చిన్నది దొరుకుతది, ఒక్క చుక్క చాలు.

గాలిలెక్క | జనవరి 6, రాత్రి 8:05

ఇంకో సంగతి కలపాలి. ఎమ్యులేటర్ లేకుండా అన్నీ సరిగ్గా ఉన్నా, పొగ వేడి 200 డిగ్రీల కంటే తక్కువుంటే ద్రవం కొట్టడం ఆగిపోతుంది, కొడితే గడ్డకడుతుంది కాబట్టి. స్టాపుకీ స్టాపుకీ మధ్య నెమ్మదిగా తిరిగే సిటీ బస్సుకి ఇది రోజూ జరిగేదే. ల్యాబ్‌లో పాసైన ఇంజిన్ రోడ్డు మీద అంతే మంచిగా ఉండకపోవడానికి ఇదొక కారణం. 2023 ఏప్రిల్ నుంచి బండిని నిజమైన రోడ్డు మీద పరికరం కట్టి కొలిచే నిబంధన రావడం అందుకే పెద్ద మార్పు.

రోడ్డుకొలత | జనవరి 7, ఉదయం 7:25

అందరూ పొగగొట్టం దగ్గరే ఆగిపోయారు. చక్రం కింద చూడండి.

తారు రోడ్డు మీద 75 మైక్రాన్ల కంటే సన్నటి ధూళి చదరపు మీటరుకి ఎన్ని గ్రాములుందో దాన్ని సిల్ట్ లోడింగ్ అంటాం. అమెరికా పర్యావరణ సంస్థ సమీకరణంలో పీఎం2.5కి: కిలోమీటరుకి గ్రాములు = 0.15 × సిల్ట్ లోడింగ్‌కి 0.91 ఘాతం × సగటు బండి బరువుకి 1.02 ఘాతం. బరువు అమెరికన్ టన్నుల్లో.

సిల్ట్ 0.5 గ్రాములు, సగటు బరువు 1.5 టన్నులు వేస్తే 0.12 గ్రాములు. బీఎస్-6 డీజిల్ కారు పొగగొట్టానికి ఉన్న 0.0045 పరిమితితో పోల్చండి: సుమారు 27 రెట్లు. సిల్ట్ 0.1కి తగ్గిస్తే ఈ 0.12 కాస్తా 0.028 అవుతుంది.

సిల్ట్ ఎక్కడిది? డివైడర్ పక్కన పోగుపడిన మట్టి, కేబుల్ కోసం తవ్వి సరిగ్గా పూడ్చని గుంతలు, పట్టా కప్పని కంకర లారీలు. కట్టడం జరిగే చోట గేటు దగ్గర లారీ చక్రాలు కడగకపోతే మట్టి అర కిలోమీటరు దాకా రోడ్డెక్కుతుంది. చీపురుతో ఊడిస్తే సన్నటి ధూళి లేచి మళ్లీ అక్కడే పడుతుంది. వ్యాక్యూమ్ మెషీన్‌తో, అదీ కర్బ్‌ని ఆనుకుని పీల్చాలి. రోడ్డు మధ్యలో తిప్పితే పని లేదు, ధూళి అంచుల్లోనే ఉంటుంది. నీళ్లు చల్లితే గంట, రెండు గంటలే. పైగా నీళ్లతో కొట్టుకుపోయిన మట్టి ఎండాక మళ్లీ లేస్తుంది.

ఎలక్ట్రిక్ బండికి కూడా ఈ ధూళి తప్పదు. బ్రేకు అరుగుదల తగ్గుతుంది, మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి. టైరు మాత్రం బరువుని బట్టి ఎక్కువే అరుగుతుంది. యూరప్ బండ్ల యూరో-7 నిబంధనల్లో మొదటిసారి బ్రేకు ధూళికి పరిమితి పెట్టారు: మామూలు కార్లకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్‌కి 3.

గాలిలెక్క | జనవరి 7, ఉదయం 8:40

రోడ్డుకొలత గారితో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. ధూళి పెద్ద సమస్యే, ముఖ్యంగా పీఎం10లో, అంటే 10 మైక్రాన్ల లోపు నలుసుల్లో. కానీ 27 రెట్లు అన్న పోలిక జాగ్రత్తగా వాడాలి. ఒకటి, ఆ సమీకరణంలో బరువు రోడ్డు మీది బండ్లన్నిటి సగటు, ఒక్కో బండికి విడిగా వేయకూడదు. రెండు, పోల్చింది జాలి ఉన్న కొత్త కారుతో. రోడ్డు మీద బీఎస్-3, బీఎస్-4 లారీలు ఇంకా తిరుగుతున్నాయి. మూడు, పొగగొట్టం లెక్కలో మాస్టారు చెప్పిన నైట్రేట్ లేదు.

తెల్లవారుజామున తెర విషయానికొస్తే పీఎం2.5ని పీఎం10తో భాగించి చూడండి. 0.3 దగ్గరుంటే ధూళి. 0.6 దాటితే మండిన పొగ, వాయువుల నుంచి పుట్టిన నలుసులు. మధ్యాహ్నం గాలి వీచినప్పుడు ధూళి గెలుస్తుంది, మీరు చెప్పింది అప్పటికి సరిపోతుంది.

రోడ్డుకొలత | జనవరి 7, ఉదయం 9:10

ఒప్పుకున్నాను. పీఎం10 గుణకం 0.62, పీఎం2.5ది 0.15 కాబట్టి నా సమీకరణం ప్రకారమే రోడ్డు ధూళిలో ఆ నిష్పత్తి 0.24 వస్తుంది. 0.6 చూపే గంటల్ని ధూళితో వివరించలేం.

రెండుచక్రాలు | జనవరి 7, ఉదయం 10:30

బండ్లలో ఎక్కువ భాగం టూవీలర్లే కాబట్టి వాటి సంగతీ చెప్పాలండి. మసి తక్కువ, కానీ కాలని పెట్రోల్ ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. కార్బొరేటర్ బండిలో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. మైలేజీ పడిపోయిందని ఐడిల్ స్క్రూ తిప్పుతారు, అసలు చూడాల్సింది ఫిల్టర్. ప్లగ్ విప్పి చూస్తే తెలుస్తుంది: ఇటుక రంగు అయితే సరే, పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. చోక్ వేసి మర్చిపోయి రెండు కిలోమీటర్లు వెళ్లేవాళ్లని చలికాలం రోజూ చూస్తాం. బీఎస్-6లో ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్ వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. కానీ చప్పుడు కోసం కంపెనీ సైలెన్సర్ తీసి వేరేది పెడితే దాంతోపాటు కన్వర్టరూ పోతుంది.

బండి ఆపి ఉన్నప్పుడు కూడా ట్యాంకు నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది. దాన్ని పట్టడానికి బొగ్గు నింపిన నల్లటి చిన్న డబ్బా, క్యానిస్టర్, బీఎస్-4 నుంచి పెడుతున్నారు. పంపులో నాజిల్ టిక్కుమని ఆగాక కూడా మెడ దాకా పోయిస్తే పెట్రోల్ ఆ డబ్బాలోకి వెళ్లి బొగ్గు తడుస్తుంది, ఆ తర్వాత ఆవిరిని పట్టదు. సర్వీసింగ్‌లో హోస్ ఊడదీసి మళ్లీ పెట్టకపోవడం ఇంకో తప్పు. పార్కింగ్‌లో పెట్రోల్ వాసన వస్తే ముందు ఆ హోస్ చూడండి. పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు, ఆ వాసన తేలిగ్గా తీసుకునేది కాదు.

కెమిస్ట్రీమాస్టారు | జనవరి 7, మధ్యాహ్నం 12:20

రెండుచక్రాలు గారు చెప్పిన ఆవిరి మధ్యాహ్నపు స్మాగ్‌కి ముడిసరుకు. ఎండకి నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ పరమాణువు వస్తుంది, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్. మామూలుగా నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ని తినేసి లెక్క సరిచేస్తుంది. పెట్రోల్ ఆవిర్లు ఉంటే అవే నైట్రిక్ ఆక్సైడ్‌ని డయాక్సైడ్‌గా మార్చేస్తాయి, ఓజోన్ తినేవాళ్లు లేక పోగుపడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో 1943 జులైలో కళ్లు మండించిన పొగ ఇదే. మొదట పరిశ్రమల్ని అనుమానించారు. 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త అది కార్ల పొగ, పెట్రోల్ ఆవిరి, ఎండ కలిసి చేసిన పని అని చూపించాడు. 1952 లండన్ పొగ బొగ్గుది, దాని రసాయనం వేరు. మన నగరాల్లో పొద్దున నలుసులు, మధ్యాహ్నం ఓజోన్, రెండు కథలూ ఒకే రోజులో నడుస్తాయి.

ఇక్కడో చిక్కు ఉంది. ట్రాఫిక్ నడిమధ్య ఓజోన్ తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే తాజా నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని తింటోంది. గాలి వీచే వైపు ఊరి చివర ఎక్కువ ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో చాలా నగరాల్లో నైట్రోజన్ డయాక్సైడ్ బాగా పడిపోయినా ఓజోన్ అంతగా తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగింది. కాబట్టి డీజిల్ పొగ తగ్గించేటప్పుడు పెట్రోల్ ఆవిరి కూడా జతగా తగ్గించాలి.

విశాఖతీరం | జనవరి 7, మధ్యాహ్నం 1:05

విశాఖలో ఇది ఇంకో రకంగా ఉంటుందండి. ఊరు కొండల మధ్య గిన్నెలాంటిది. రాత్రి నేలగాలి పొగని సముద్రం మీదికి తీసుకెళ్తుంది, పగలు సముద్రపు గాలి దాన్నే తిరిగి ఊరి మీదికి తెస్తుంది. గాలి బాగా వీస్తోంది కదా అనుకుంటాం, వచ్చేది నిన్నటి పొగ. పైగా పోర్టు లారీలు, బొగ్గు ధూళి ఉన్నాయి కాబట్టి బండ్ల వాటా విడదీయడం హైదరాబాద్ కంటే కష్టం.

మూసీగట్టు | జనవరి 7, సాయంత్రం 5:30

అందరికీ ధన్యవాదాలు. మూడో ప్రశ్న మిగిలింది. వాటా తేల్చేదెలా? ఢిల్లీ లెక్కలు చెప్పేవాళ్లున్నారు కానీ మన లెక్క మనం చూసుకునే దారి కావాలి.

గాలిలెక్క | జనవరి 7, రాత్రి 9:15

పక్కాగా తేలాలంటే ఫిల్టర్ మీద నలుసులు పట్టి, అందులో ఏ మూలకం ఎంతుందో చూసి, మూలాల గుర్తులతో సరిపోల్చాలి. ఢిల్లీలో అలా చేసిన ఐఐటీ కాన్పూర్, టెరి అధ్యయనాల్లో చలికాలం పీఎం2.5లో బండ్ల వాటా నాలుగో వంతుకి అటూఇటుగా వచ్చింది. ఇంట్లో కూర్చుని అంత చేయలేం. గంటవారీ డేటాతో దిశ మాత్రం తెలుసుకోవచ్చు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో స్టేషన్‌వారీ డేటా ఉచితం. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) అంకె వద్దు, అది పీఎంకి 24 గంటల సగటు. తెల్లవారుజాము శిఖరం అందులో కరిగిపోతుంది. గంటవారీ అసలు విలువలు దించుకోండి: పీఎం2.5, పీఎం10, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, గాలి వేగం, తేమ. డిసెంబర్, జనవరి రెండు నెలలు చాలు.

స్టేషన్ ఎంపిక ముఖ్యం. బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు, సనత్‌నగర్ పక్కన కూడా పరిశ్రమలున్నాయి. బండ్ల గుర్తు కోసం సోమాజిగూడ మేలు. పోలికకి సెంట్రల్ యూనివర్సిటీ స్టేషన్ పెట్టుకోండి. ఒకే అంకె గంటల తరబడి కదలకుండా ఉన్న వరసలు తీసేయండి, అది మెషీన్ ఇరుక్కుపోయిన గుర్తు.

తర్వాత అసలు పని. నైట్రిక్ ఆక్సైడ్ తాజా పొగ గుర్తు, గాలిలో ఎక్కువసేపు నిలవదు. పీఎం2.5 పెరిగిన గంటల్లో అదీ పెరిగితే దగ్గర్లోని బండ్లు. పీఎం2.5, కార్బన్ మోనాక్సైడ్ పెరిగి నైట్రిక్ ఆక్సైడ్ కదలకపోతే చెత్త, ఆకులు, చలిమంటలు: మంట వేడి ఇంజిన్‌లో ఉన్నంత ఉండదు కాబట్టి. భోగి తెల్లవారుజాము ఈ పరీక్షకి మంచి అవకాశం. మంటల గుర్తు ఎలా ఉంటుందో ఆ ఒక్క పూట చూసి పెట్టుకుంటే మిగతా రోజుల్లో విడదీయడం వస్తుంది. పీఎం2.5 పెరిగి ఈ రెండు వాయువులూ అంతగా పెరగకపోతే, తేమ 80 శాతం దాటి ఉంటే, మాస్టారి నైట్రేట్‌ని అనుమానించాలి.

కార్బన్ మోనాక్సైడ్‌ని నైట్రోజన్ ఆక్సైడ్లతో భాగిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. నిష్పత్తి పెరిగితే పెట్రోల్ వైపు, తగ్గితే డీజిల్ వైపు. సాయంత్రం ఏడుకీ రాత్రి పన్నెండుకీ పోల్చండి. డీజిల్‌నాజిల్ గారి లారీల మాట అందులో తేలాలి.

ఆదివారాలు విడిగా తీయండి. కానీ సోమవారం తెల్లవారుజాముని ఆదివారం ఖాతాలోకి వేయాలి, ముందు రాత్రి పొగ కాబట్టి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

మూసీగట్టు | జనవరి 7, రాత్రి 9:50

సంక్రాంతికి ఊరు సగం ఖాళీ అవుతుంది కదా, ఆ మూడు రోజులు చూస్తే సరిపోదా? ఇంట్లో పెట్టుకునే చిన్న సెన్సర్ కూడా ఒకటుంది.

గాలిలెక్క | జనవరి 7, రాత్రి 10:20

చూడండి, అయితే భోగి ఉదయాన్ని పక్కన పెట్టి, కనుమ నుంచి తీసుకోండి. మూడు రోజుల్లో గాలి వేగం మారితే ట్రాఫిక్ తేడా దాని కింద కప్పబడిపోతుంది. అందుకే గాలి వేగం దాదాపు సమానంగా ఉన్న గంటల్నే ముందు వారంతో జతపరచండి. చిన్న సెన్సర్ లేజర్ వెలుతురుతో నలుసుల్ని లెక్కపెడుతుంది. తేమ 80 శాతం దాటితే నీళ్లు తాగి ఉబ్బిన నలుసుని, మంచు బిందువుని కూడా లెక్కేస్తుంది. ఆ గంటల్లో దాని అంకె నమ్మొద్దు. ఉదయం తొమ్మిది తర్వాతివి పనికొస్తాయి.

కెమిస్ట్రీమాస్టారు | జనవరి 8, ఉదయం 6:55

ఇంకొకటి. చలికాలం పొద్దున ఐదున్నర, ఏడున్నర మధ్య పార్కుల్లో నడిచేవాళ్లు ఆరోగ్యం కోసమని రోజులో అన్నిటికంటే చిక్కని గాలిని గట్టిగా పీలుస్తున్నారు. డిసెంబర్, జనవరిలో సాయంత్రం నాలుగు ప్రాంతాన నడవడం మేలు. ఎన్-95 మాస్కు నలుసుల్ని ఆపుతుంది, నైట్రోజన్ డయాక్సైడ్‌ని ఆపదు. కారులో సిగ్నళ్ల దగ్గర లోపలి గాలే తిప్పే బటన్ వేసుకోండి. కానీ నలుగురు కూర్చున్న కారులో అరగంటకోసారి బయటి గాలి తీసుకోకపోతే తల బరువెక్కుతుంది.

డీజిల్‌నాజిల్ | జనవరి 8, ఉదయం 8:30

మూసీగట్టు అన్నా, డేటా తీసేటప్పుడు రాత్రి 10 నుంచి 2 దాకా గంటలు వేరే షీట్‌ల పెట్టు. దాంట్ల ఆదివారం రాత్రి, మామూలు రాత్రి పక్కపక్కన ఉండాలె. నీ షీట్ ఇక్కడ పెడితే ఏ రోజు ఏ రోడ్డు మీద ఎట్లాంటి లోడ్లు దిగినయో నేను ట్రాన్స్‌పోర్ట్ వాళ్లని అడిగి దాని ఎదురుంగ రాస్తా.